ఆదివారం ఆరాధనలో నాయకుడికి అయిదు నిమిషాలు ఇవ్వాలా? సంఘం ట్రెజరర్‌ని, సలహా కావాలి

గుండ్లకమ్మ_ఒడ్డు · శనివారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం, వందనాలు. మాది అద్దంకి వైపు ఒక పల్లె. బాప్టిస్టు సంఘం, ముత్తాతల నాటి నుంచీ ఉంది. ఇప్పుడు నూట పది కుటుంబాలు. ఈ ఏడాది నేను సంఘం ట్రెజరర్‌ని. కానుకల లెక్క, బ్యాంకు పుస్తకం, మినిట్స్ పుస్తకం నా దగ్గరే ఉంటాయి.

మా చర్చికి ప్రహరీ లేదు. ముందు రోడ్డు, వెనక మిరప చేలు. వాక్యం చెబుతుంటే మేకలు వసారాలోకి వచ్చేస్తాయి. రాత్రిళ్ళు ఎవరెవరో వచ్చి తాగి సీసాలు పడేసి పోతారు. ఆదివారం పొద్దున్నే స్త్రీల సమాజం వాళ్ళు ముందు ఆ సీసాలు ఏరి, తర్వాత చీపురు పడతారు. మేస్త్రి చేత ఎస్టిమేట్ వేయిస్తే 4,20,000 అన్నాడు. మా ఖాతాలో ఉన్నది 68,000.

పోయిన వారం మా మండలం నాయకుడు ఒకాయన (ఆయన పేరూ పార్టీ పేరూ ఇక్కడ అనవసరం) అయ్యగారికి, అంటే మా పాస్టరుగారికి, కబురు పెట్టాడు. గోడ మొత్తం నేను కట్టిస్తాను, ఫండ్స్ తెప్పిస్తాను, తక్కువైతే చేతి నుంచి వేస్తాను అని. బదులుగా ఒక్కటే అడిగాడు. వచ్చే ఆదివారం వాక్యం అయ్యాక, ప్రభువు బల్లకి ముందు, అయిదు నిమిషాలు పుల్పిట్ (వాక్యం చెప్పే వేదిక) మీద మాట్లాడతాడట. అయ్యగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయాలట. స్థానిక ఎన్నికలు దగ్గరపడుతున్నాయి కదా.

సంఘంలో సగం మంది తప్పేముంది అంటున్నారు. నాకు మింగుడు పడటం లేదు. ఎందుకో అడిగితే సరిగ్గా చెప్పలేకపోతున్నాను. బుధవారం మీటింగ్. తెలిసినవాళ్ళు చెప్పండి.


చీమకుర్తి_రాజు · రాత్రి 10.05

బ్రదర్, తీసుకోండి. కూలికి పోయే ఆడవాళ్ళు కానుక సంచిలో పది పది రూపాయలు వేస్తే అవి ఎప్పటికి నాలుగు లక్షలు అవుతాయి? గుళ్ళకి ధూప దీప నైవేద్యం కింద డబ్బు వస్తోంది. ఇమాములకి గౌరవ వేతనం ఉంది. పాస్టర్లకి నెలకి 5,000 ఇచ్చారు. అదంతా ఎవరి జేబులోది? మనం కొనే సబ్బు మీద, నూనె మీద కట్టిన పన్ను. మన డబ్బు మన దగ్గరికి తిరిగొస్తుంటే వద్దనడం ఏం భక్తి?

అయిదు నిమిషాలు మాట్లాడి పోతాడు. గోడ యాభై ఏళ్ళు ఉంటుంది.


బెజవాడ_వకీలు · రాత్రి 10.50

గుండ్లకమ్మ గారూ, సిద్ధాంతం తర్వాత, ముందు మీ సంగతి చెబుతాను.

1988లో పార్లమెంటు మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం చేసింది. స్వర్ణ దేవాలయం సంఘటనల తర్వాత వచ్చిన చట్టమే అయినా అన్ని మతాలకూ వర్తిస్తుంది. గుడి, మసీదు, గురుద్వారా, చర్చి, మఠం, ఏదైనా సరే, ఆ ఆవరణను రాజకీయ ప్రచారానికి వాడకూడదు, వాడనివ్వకూడదు. వాడనిస్తే శిక్ష నిర్వాహకుడికి. అయిదేళ్ళ వరకు జైలు, 10,000 వరకు జరిమానా. నిర్వాహకుడు అంటే పాస్టరు ఒక్కరే అనుకోకండి. ఒంటరిగా గానీ నలుగురితో కలిసి గానీ సంస్థ వ్యవహారాలు, ఆస్తులు చూసే ప్రతివాళ్ళూ ఆ నిర్వచనం కిందికి వస్తారు. అంటే మీరు కూడా.

ఇది కాక ఎన్నికల ప్రవర్తనా నియమావళి ఉంది. ప్రార్థనా స్థలాలను ప్రచార వేదికలు చేయకూడదని అందులో ఎప్పటి నుంచో స్పష్టంగా ఉంది. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకైతే ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 123(3) కూడా తగులుతుంది. మతం పేరు చెప్పి ఓటు అడగడం అవినీతి చర్య, గెలిచినా ఎన్నిక రద్దు కావచ్చు. 2017 జనవరి 2న అభిరాం సింగ్ కేసులో ఏడుగురు జడ్జిల ధర్మాసనం 4-3 మెజారిటీతో, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పే అని తేల్చింది.

ఆయన వచ్చి చాప మీద అందరితో కూర్చుని ఆరాధన చేసుకుంటే మాత్రం ఏ చట్టమూ అడ్డం రాదు. ఎక్కడ కూర్చుంటాడు, ఎక్కడ నిలబడతాడు అన్నదే ఇక్కడ లెక్క.


గుండ్లకమ్మ_ఒడ్డు · రాత్రి 11.15

చదువుతుంటే చెమటలు పట్టాయి వకీలు గారూ. ఈ చట్టం ఒకటి ఉందని మా అయ్యగారికీ తెలియదు, నాకూ తెలియదు. కానీ నిజం చెప్పాలంటే మా పల్లెలో దీని మీద ఎవరూ కేసు పెట్టరు. కేసు పడదని తెలిసినా నా మనసు ఒప్పుకోవడం లేదు. ఆ ఒప్పుకోనిది ఏమిటో నాకు తేలాలి.


చీరాల_టు_కనెక్టికట్ · ఆదివారం తెల్లవారుజాము 2.30

మాది చీరాల. పదహారేళ్ళుగా అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో ఉంటున్నాం. నేను హిందువుని. మీరు బాప్టిస్టులు అని చదివాక రాయకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే మా ఇంటికి అరగంట దూరంలో డాన్‌బరీ అనే ఊరుంది. చర్చికీ ప్రభుత్వానికీ మధ్య గోడ ఉండాలి అనే మాట అంతగా వాడుకలోకి రావడానికి కారణం ఆ ఊరి చుట్టుపక్కల ఉన్న మీ బాప్టిస్టులే.

అప్పట్లో ఈ రాష్ట్రంలో కాంగ్రిగేషనల్ చర్చిది అధికార పీఠం. ఆ చర్చి పాదిరీ జీతానికి ఊళ్ళో అందరూ పన్ను కట్టాలి. బాప్టిస్టులకి మినహాయింపు ఉండేది గానీ ఊరికే వచ్చేది కాదు. నేను ఫలానా సంఘానికి వెళ్తున్నానని సర్టిఫికెట్ తెచ్చి ఊరి గుమాస్తా దగ్గర దాఖలు చేయాలి. 1801 అక్టోబరులో వాళ్ళు ప్రెసిడెంటు జెఫర్సన్‌కి ఉత్తరం రాశారు. మా మత స్వేచ్ఛ మాకు హక్కుగా దక్కలేదు, దయతలచి ఇచ్చినట్టుగా ఉంది, అన్నది అందులో వాళ్ళ బాధ. 1802 జనవరి 1న జెఫర్సన్ జవాబు రాశాడు. అమెరికా రాజ్యాంగం మొదటి సవరణ మతానికీ రాజ్యానికీ నడుమ గోడ కట్టింది అన్న మాట ఆ జవాబులోదే. అయితే ఆ సవరణ అప్పట్లో కేంద్రాన్నే కట్టడి చేసేది, రాష్ట్రాలను కాదు. డాన్‌బరీ వాళ్ళకి ఆ పన్ను బెడద పూర్తిగా వదిలింది 1818లో, కనెక్టికట్ కొత్త రాజ్యాంగం రాసుకున్నాక.

దానివల్ల నాకు ఒరిగిందేమిటో కూడా చెబుతాను. మా పాప ఇక్కడ ప్రభుత్వ బడిలో చదువుతోంది. క్లాసులో తనొక్కతే తెలుగు పిల్ల. ప్రభుత్వ బడిలో ప్రభుత్వం రాసిచ్చిన ప్రార్థన చదివించకూడదని 1962లో ఇక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాబట్టి పొద్దున్నే టీచరు ఎవరి దేవుణ్ణీ తలవమనదు. మా పాప చేతికి అమ్మవారి తాడు కట్టుకుని వెళ్తుంది, ఎవరూ తీయమనలేదు. గోడ కావాలని అడిగిన ఆ బాప్టిస్టులు హిందువుల్ని చూసి కూడా ఉండరు. అయినా ఈ రోజు దాని చాటున నా కూతురు నిమ్మళంగా చదువుకుంటోంది.


చీమకుర్తి_రాజు · ఆదివారం ఉదయం 7.20

అన్నా, మీరు సర్టిఫికెట్ అన్న దగ్గర నేను ఆగిపోయాను.

నా బీరువాలో ఒక సర్టిఫికెట్ ఉంది. హిందూ మాదిగ అని. నేను పుట్టిన ఎనిమిదో రోజు నుంచీ చర్చిలో ఉన్నాను. మా అమ్మ పాటల పుస్తకం అట్ట లేకుండా ఇప్పటికీ నా దగ్గరే ఉంది. కానీ ఆ కాగితం నిజం చెబితే మా పిల్లల సీటు పోతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఏమంది? హిందువు అయితేనే ఎస్సీ. 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు. మమ్మల్ని కలపలేదు. కాబట్టి మాలో ఎవరూ సంఘం రిజిస్టర్‌లో సంతకం పెట్టడానికి కూడా ముందుకు రారు. పెళ్ళి చర్చిలో చేసుకుంటే ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టొద్దని మా తమ్ముడికి చెప్పాను.

ఇప్పుడు చెప్పండి, ఏ గోడ? ప్రభుత్వం మా పల్లె చర్చిలో ఎప్పుడో వచ్చి కూర్చుంది. పడాల్సిన నష్టమంతా పడ్డాక, కాస్త లాభం వచ్చే రోజున మాత్రం గోడ గుర్తుకు రావాలా?


పూజారి_గారి_అబ్బాయి · ఉదయం 8.10

రాజు గారూ, మీ బాధ నాకు అర్థమైంది. ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. కులం లేదనే కదా ఆ మతంలోకి వెళ్ళింది? లేని కులానికి రిజర్వేషన్ ఎలా?


చీమకుర్తి_రాజు · ఉదయం 8.25

కోపం లేదండీ. బైబిల్లో లేదు, ఊళ్ళో ఉంది. మా ఊళ్ళో మాల చర్చి వేరు, మాదిగ చర్చి వేరు. మధ్య దూరం రెండు వందల గజాలు. బాప్తిస్మం తీసుకున్న మర్నాడు టీ కొట్టులో గ్లాసు మారలేదు, ఆసామి పిలిచే పిలుపు మారలేదు.


బెజవాడ_వకీలు · ఉదయం 9.00

ఈ విషయంలో చట్టం ఎక్కడుందో చెబుతాను, మంచిచెడ్డలు మీరు చూసుకోండి. 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు, మతం మారాక కూడా అదే తీవ్రతతో వివక్ష కొనసాగుతోందని రుజువు చూపాలంది, ఆ కేసులో చూపలేదంది. 2024 నవంబరులో పుదుచ్చేరి నుంచి వచ్చిన కేసులో, క్రైస్తవ ఆచారం పాటిస్తూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమే అంది. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళకి బీసీ-సి కింద 1 శాతం ఉంది. 2023 మార్చిలో ఏపీ అసెంబ్లీ దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వమని తీర్మానం చేసి కేంద్రానికి పంపింది.

నా సొంత అభిప్రాయం: గుడికి వెళ్తావా, చర్చికి వెళ్తావా అని చూసి అంటరానితనానికి పరిహారం ఇవ్వడం మత స్వేచ్ఛకి వెల కట్టడమే. దాన్ని నేను సమర్థించలేను.


పూజారి_గారి_అబ్బాయి · ఉదయం 10.30

నా ప్రశ్న నాకే తొందరపాటుగా అనిపిస్తోంది. మా ఇంటి సంగతి చెబుతాను.

మా నాన్న శివాలయం అర్చకులు. 1987లో దేవాదాయ చట్టం వచ్చి మిరాశీలు, వంశపారంపర్య హక్కులు రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దు సరైనదే అంది. తాతల నాటి అర్చకత్వం ఒక్క చట్టంతో ఉద్యోగం అయిపోయింది. ఇప్పుడు గుడికి అధికారి ఉంటాడు. హుండీ ఆయన ముందు తెరవాలి. దీపం నూనెకి కూడా బిల్లు పెట్టాలి. మసీదుకీ చర్చికీ లేని ఈవో మాకెందుకు అని నేను చాలాకాలం మండిపడ్డాను. ఇప్పటికీ ఆ ప్రశ్న న్యాయమైనదే అనుకుంటున్నాను.

కానీ చరిత్ర చదివితే ఒక విచిత్రం కనిపించింది. ఈస్టిండియా కంపెనీ వాళ్ళే ఒకప్పుడు తిరుమల గుడిని నడిపారు. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధనకి కాపలా కాయడమేమిటని మిషనరీలూ ఇంగ్లండులో వాళ్ళ మద్దతుదారులూ గట్టిగా ఒత్తిడి పెట్టారు. దాంతో కంపెనీ గుళ్ళ నుంచి చెయ్యి తీసేసుకుంది. 1843లో తిరుమల నిర్వహణ హథీరాంజీ మఠం మహంతుకి అప్పగించింది. మళ్ళీ 1933లో చట్టం ద్వారా దేవస్థానం కమిటీ వచ్చింది. అంటే మన గడ్డ మీద గుడినీ ప్రభుత్వాన్నీ విడదీయమని మొదట గట్టిగా అడిగినవాళ్ళలో మీ మిషనరీలు ఉన్నారు. కారణం వాళ్ళది వాళ్ళకుంది. అడిగిన మాట మాత్రం అదే.

గుండ్లకమ్మ గారూ, ప్రభుత్వం డబ్బు గుడిలోకో చర్చిలోకో వచ్చాక దాని వెనకే ఫైలు వస్తుంది, ఫైలు వెనక మనిషి వస్తాడు. మా నాన్నని చూసి చెబుతున్నాను.


కడప_గడప · మధ్యాహ్నం 12.15

మా అబ్బాజాన్ ఇమాం. గౌరవ వేతనం వచ్చిన మొదటి నెల ఇంట్లో అందరం సంతోషపడ్డాం, అబద్ధం చెప్పను. అమ్మీ మందులు ఆ డబ్బుతోనే కొన్నాం. తర్వాత కొన్ని నెలలు రాలేదు. ఎప్పుడొస్తుందని అడగడానికి వెళ్తే ఒక స్థానిక నాయకుడు, శుక్రవారం మన మీటింగ్ ఉంది, మీ వాళ్ళని తీసుకురండి, బిల్లు సంగతి నేను చూస్తా అన్నాడు. అబ్బాజాన్ ఏమీ అనకుండా ఇంటికి వచ్చారు. ఆ శుక్రవారం ఖుత్బా (నమాజు ముందు ప్రసంగం) చదువుతూ మధ్యలో కాసేపు ఆగిపోయారు. పెద్దవాళ్ళెవరూ గమనించలేదు. నేను ముందు వరసలో ఉన్నాను, గమనించాను. ఆ వారం ఊళ్ళో నీళ్ళ ట్యాంకర్ గొడవ గురించి ఆయన మాట్లాడాలనుకున్నారు. మాట్లాడలేదు.

వేతనం తప్పు అనను. ఆకలితో ఉన్నవాడికి నీతులు చెప్పే హక్కు నాకు లేదు. మీ విషయంలో గోడ కట్టేవాడు ఓటు అడిగేవాడు కూడా కాబట్టి చెబుతున్నాను.


శాంతి_నెల్లూరు · మధ్యాహ్నం 1.40

నేను పాస్టరుగారి కూతుర్ని. ఇంతమంది బాగా రాశారు. కానీ ఒక సంగతి ఎవరూ రాయలేదు.

మా నాన్నగారికి సంఘం ఇచ్చింది నెలకి 4,000. మీ అందరికీ ఆయన స్వతంత్రంగా మాట్లాడాలి. ప్రభుత్వం దగ్గర తీసుకోకూడదు, నాయకుడి దగ్గర తీసుకోకూడదు. అలాగే కానివ్వండి. మరి మీరు ఎంత ఇస్తున్నారు? మా అమ్మ రెండు చీరలు మార్చి మార్చి కట్టుకుని ఆదివారం ముందు వరసలో కూర్చునేది. నాన్నగారు ప్రసంగం రాసుకునే నోటు పుస్తకంలో వెనక పేజీల్లో కిరాణా బాకీల లెక్క ఉండేది.

గుండ్లకమ్మ అన్నయ్యా, మీరు వద్దనండి, నేను మీ వైపే. బుధవారం మీటింగ్‌లో వద్దన్న ప్రతి చెయ్యీ ఆ వెంటనే కానుక ఎంతో కూడా చెప్పాలి. లేదంటే ఆ వద్దనడం బరువంతా పాస్టరమ్మ మీద పడుతుంది.


గోరా_దారి · మధ్యాహ్నం 2.05

నేను నాస్తికుణ్ణి. 25వ అధికరణంలో ఉన్నది అంతరాత్మ స్వేచ్ఛ, అది నాకూ వర్తిస్తుంది. శాంతి గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నమ్మేవాళ్ళు తమ నమ్మకానికి తామే ఖర్చు పెట్టుకోవడం నాకు గౌరవించదగ్గ పని.


బెజవాడ_వకీలు · మధ్యాహ్నం 2.40

రాజు గారు పన్ను సంగతి అడిగారు, దానికి జవాబు బాకీ ఉన్నాను. మన రాజ్యాంగంలో అమెరికా వాళ్ళ గోడ లేదు. 27వ అధికరణం ఒక మతాన్ని పోషించడానికి ప్రత్యేకంగా పన్ను వేయొద్దంటుంది, అంతే. 2011లో హజ్ సబ్సిడీ కేసులో కోర్టు, వసూలైన పన్నులో పెద్ద భాగం ఒక మతానికి పోతే తప్ప ఆ అధికరణం తగలదు అంది. 290ఎ అధికరణం అయితే కేరళ ఖజానా నుంచి ఏటా 46.5 లక్షలు ట్రావన్‌కోర్ దేవస్వం నిధికి ఇమ్మని రాజ్యాంగంలోనే రాసిపెట్టింది. కాబట్టి ప్రభుత్వ సాయం తీసుకోవడం నేరం కాదు. పద్ధతి ప్రకారం దరఖాస్తు పెట్టి, అర్హత చూసుకుని, ఎవరి మెహర్బానీ లేకుండా వచ్చే సాయం వేరు. పుల్పిట్ ఇస్తే వచ్చే సాయం వేరు. మీ ముందున్నది రెండోది.


ఒంగోలు_మాస్టారు · ఆదివారం సాయంత్రం 6.30

ముప్పై రెండేళ్ళు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. మీ సంఘం గుండ్లకమ్మ ఒడ్డుదే కనుక మీ ఇంటి కథే మీకు చెబుతాను.

ధాత కరువు సంగతి విన్నారు కదా, 1876 నుంచి 78 దాకా. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు అప్పుడు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఎక్కువమంది మాదిగలు. పగలు తవ్వకం, విశ్రాంతి వేళ బోధ. జనం బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని, కరువు సాయం నడిచినన్నాళ్ళూ, ఏడాది పైన, ఒక్కరికీ ఇవ్వలేదు. సాయం పంచడం ఆగిపోయాక, ఇక ఇవ్వడానికి ఏమీ లేదు వెళ్ళండి అన్నా జనం వెళ్ళలేదు. అప్పుడు 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర మీ గుండ్లకమ్మలోనే 2,222 మందికి ఒక్క రోజున బాప్తిస్మం ఇచ్చారు. ఆ ఏడాది చివరికి ఆ లెక్క 9,000 దాటింది.

ఆ లెక్క గురించి ఊరూరా చెబుతారు. నాకు మాత్రం అంతకు ముందు ఆయన ఆగిన ఆ ఏడాది చాలా పెద్దదిగా కనిపిస్తుంది. అన్నం పెట్టే చేత్తో మనసు అడగకూడదని అనుకున్నాడు. మీ నాయకుడు అడుగుతున్నది సరిగ్గా దానికి తిరగేసినది.

ఆ దొరలకి ఈ బుద్ధి ఎక్కడిది? కనెక్టికట్ అబ్బాయి చెప్పిన బాప్టిస్టుల పరంపర నుంచే వచ్చింది. 1651లో అమెరికాలో బోస్టన్ దగ్గర ఒబదయా హోమ్స్ అనే బాప్టిస్టుని ప్రభుత్వ చర్చికి విరుద్ధంగా బోధించాడని పట్టుకున్నారు. జరిమానా కడితే వదిలేస్తామన్నారు. కట్టడం అంటే తప్పు ఒప్పుకోవడమే అని కట్టలేదు. నడివీధిలో 30 కొరడా దెబ్బలు కొట్టారు. కొట్టింది వేరే మతం వాళ్ళు కాదు, సాటి క్రైస్తవులే. చేతిలో ప్రభుత్వం ఉంది, కొట్టారు. అందుకే బాప్టిస్టులు ప్రభుత్వం చర్చిని మోయడాన్నీ చర్చి ప్రభుత్వాన్ని మోయడాన్నీ రెండింటినీ వద్దన్నారు. నాయనా, నీకు మింగుడు పడనిది ఏమిటో తేలాలన్నావు. నీకు తెలియకుండా మీ సంఘం నీకు నేర్పిన పాఠమే అది.


చీరాల_టు_కనెక్టికట్ · ఆదివారం రాత్రి 8.15

మాస్టారూ, నమస్కారం. ఇంకో సంగతి రాయడం మరిచాను. డాన్‌బరీ జవాబు రాసిన రోజే, 1802 జనవరి 1న, మసాచుసెట్స్‌లోని చెషైర్ అనే ఊరి నుంచి జాన్ లేలండ్ అనే బాప్టిస్టు బోధకుడు జెఫర్సన్‌కి ఒక జున్ను (చీజ్) చక్రం తెచ్చి ఇచ్చాడు. 1,235 పౌన్లు, అంటే 560 కిలోలు. ఊళ్ళో ఆవుల పాలన్నీ కలిపి చేసింది. మత స్వేచ్ఛ కోసం నిలబడ్డాడని ప్రేమతో ఇచ్చారు. జెఫర్సన్ దాన్ని ఊరికే తీసుకోలేదు. లేలండ్‌కి 200 డాలర్లు ఇచ్చాడు. ఇష్టమైనవాళ్ళ దగ్గరైనా ఉచితంగా తీసుకుంటే ఒక ముడి పడుతుందని ఆయనకి తెలుసు.


గుండ్లకమ్మ_ఒడ్డు · గురువారం ఉదయం 6.50

నిన్న రాత్రి మీటింగ్ అయింది. పదకొండు దాకా సాగింది. మీరందరూ ఇంత రాశారు కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పాలి.

ముందు వకీలు గారి చట్టం చదివాను. కొంచెం భయపడ్డారు గానీ, ఎవరు చూడొచ్చారు అని ఒకాయన అనగానే అందరూ సర్దుకున్నారు. డాన్‌బరీ గురించి చెప్పాను, శ్రద్ధగా విన్నారు. మాస్టారు చెప్పిన క్లౌ దొరగారి మాట చెబితే పెద్దవాళ్ళు కదిలారు. వెల్లంపల్లి పేరు వాళ్ళకి తెలుసు, ఆయన ఆగిన సంగతి తెలియదు. అయినా చేతులు లేపమంటే ఇంకా నాయకుడి వైపే ఎక్కువ వచ్చేట్టున్నాయి.

అప్పుడు నేను మినిట్స్ పుస్తకం తెరిచాను. నిరుడు రాసుకున్న తీర్మానం చదివాను. మా సమాధుల స్థలం ముప్పై సెంట్లు. అందులో తూర్పు వైపు ఎనిమిది సెంట్లు పక్క చేనులో కలిసిపోయింది. సర్వే చేయించమని అర్జీ పెట్టాలని తీర్మానం. ఇంకా పెట్టలేదు. ఆ చేను ఎవరిదో అందరికీ తెలుసు. గోడ కట్టిస్తానన్నాయన బావమరిదిది.

నేను ఇంకేమీ అనలేదు. చర్చిలో చప్పుడు లేదు. చాలాసేపటికి అయ్యగారు లేచారు. మా అయ్యగారు మెత్తని మనిషి, ఎవరినీ ఏమీ అనరు. ఆదివారం ఆయన తల మీద చెయ్యి పెట్టి, సోమవారం ఆయన ఇంటివాళ్ళ మీద అర్జీ తీసుకుని నేను వెళ్ళగలనా, మీరే చెప్పండి అన్నారు. మా అమ్మ సమాధి తూర్పు వైపే ఉంది. అది వాళ్ళకీ తెలుసు.

చేతులు లేపారు. వద్దని 61, కావాలని 34. మిగతావాళ్ళు లేపలేదు.

శాంతి చెల్లెమ్మా, నీ మాట అక్కడే చెప్పాను. వద్దన్నవాళ్ళ దగ్గర పుస్తకం తిప్పాం. రాసినది మొత్తం 1,12,000. కొంత పంట మీద, కొంత ఇప్పుడు. ఇద్దరు ఆడవాళ్ళు డబ్బు లేదు, పది రోజులు మట్టి పనికి వస్తామని రాయించారు. అయ్యగారి జీతం వెయ్యి పెంచాం. అది తక్కువే, నాకు తెలుసు.

నాయకుడికి కబురు నేనే తీసుకెళ్ళాలి. ఆరాధనకి రండి, అందరితో కూర్చోండి, పుల్పిట్ మాత్రం ఇవ్వలేం అని చెప్పాలి. ఈ రోజు సాయంత్రం వెళ్తున్నాను. టెన్షన్‌గానే ఉంది.


కడప_గడప · ఉదయం 7.05

ఒంటరిగా వెళ్ళకండి అన్నా. ఇద్దర్ని వెంట తీసుకెళ్ళండి.


బెజవాడ_వకీలు · ఉదయం 7.30

అర్జీ రెండు కాపీలు రాయండి. ఒక కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. పాత అడంగల్ (ఊరి భూముల సాగు లెక్క), ఎఫ్ఎంబి (సర్వే కొలతల పటం) నకలు ముందే తీసుకోండి. ఇది ఈ వారమే చేయండి.


చీమకుర్తి_రాజు · ఉదయం 8.10

బ్రదర్, నా మాట నేను మార్చుకోలేదు. ప్రభుత్వం డబ్బు మన డబ్బే అని ఇప్పటికీ అంటాను. 1950 ఉత్తర్వు పోయేదాకా నాకు ఏ గోడ మీదా పూర్తి నమ్మకం రాదు. కానీ సమాధుల సంగతి ముందే చెప్పి ఉంటే మొదటి రోజు అలా రాసేవాణ్ణి కాదు.

మా క్వారీ దగ్గర గ్రానైట్ వేస్ట్ రాళ్ళు గుట్టలుగా ఉన్నాయి. పునాదికి బాగుంటాయి. ఎన్ని కావాలంటే అన్ని తీసుకెళ్ళొచ్చు, మా మేనేజర్‌ని అడిగాను, ఒప్పుకున్నాడు. లారీ కిరాయి మాత్రం మీరు పెట్టుకోవాలి. నా పేరు మీ పుస్తకంలో రాయకండి, ఎందుకో మీకు తెలుసు.


గుండ్లకమ్మ_ఒడ్డు · ఉదయం 8.20

రాయను అన్నా. చీమకుర్తి నుంచి అద్దంకి దాకా లారీకి ఎంత అడుగుతున్నారు? మాకు ఒక ట్రిప్పు చాలదు, పునాది నాలుగు వందల అడుగులుంది.


చీమకుర్తి_రాజు · ఉదయం 8.40

కనుక్కుని సాయంత్రం చెబుతా. ముందు మీరు ఆయన దగ్గరికి వెళ్ళి రండి.